లాటరీలో పోయిన ద్వీపం

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి వ్యాసం)

నేను చరిత్ర విద్యార్థిని కాను. బాటనీ, కెమిస్ట్రీ చదువుకుంటున్నవాణ్ణి. ఎర్రనేలల గురించి క్లాసులో సెమినారు ఇవ్వవలసి వచ్చి పుస్తకాలు తిరగేస్తుంటే, కెనడా తూర్పు అంచున ఉన్న ఒక చిన్న ద్వీపం పేరు తగిలింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం. దాని మట్టి కూడా మన ఎర్రచెలకల్లాగే ఇనుప ఆక్సైడు వల్ల ఎర్రగా ఉంటుందట. మట్టి సంగతి చూద్దామని మొదలుపెట్టి, ఆ మట్టి ఎవరిదన్న సంగతిలో పడిపోయాను. సెమినారు ఎప్పుడో అయిపోయింది గాని ఆ ద్వీపం మాత్రం నన్ను వదలలేదు. అందుకే యీ నాలుగు మాటలు.

విక్టోరియా మహారాణి కాలపు కెనడా అనగానే మనకు బంగారం వేట, పసిఫిక్ రైలు మార్గం గుర్తుకొస్తాయి. కాని ఆ కాలంలోనే ఈ ద్వీపంలో రైతులు తాము దున్నే నేలను తమది చేసుకోవడానికి ఏళ్ల తరబడి పోరాడారు. రైతుబిడ్డలమైన మనం తెలుసుకోదగ్గ కథ అది.

ద్వీపమూ, దాని మనుషులూ

ద్వీపం పొడవు సుమారు 224 కిలోమీటర్లు. విస్తీర్ణం దాదాపు 14 లక్షల ఎకరాలు. చలికాలంలో చుట్టూ ఉన్న జలసంధి గడ్డకట్టుకుపోతుంది. అక్కడి తొలి నివాసులు మిక్‌మా ప్రజలు. వారు దానిని ఎపెక్విట్క్ అని పిలుచుకున్నారు. తరువాత ఫ్రెంచివారు వచ్చి ఊళ్లు కట్టుకున్నారు. 1758లో ఇంగ్లీషు సైన్యం ద్వీపాన్ని పట్టుకుని, ఫ్రెంచి రైతులను వేల సంఖ్యలో ఓడలెక్కించి పంపేసింది. ఆ ఓడల్లో కొన్ని మునిగిపోయి వందలాదిమంది సముద్రంలోనే పోయారు. 1763 సంధితో ద్వీపం బ్రిటన్ వశమైంది. మహారాణి విక్టోరియా తండ్రి ఎడ్వర్డ్ పేరే తరువాత దానికి పెట్టారు.

లండన్‌లో ఒక్క రోజు

1764, 65 సంవత్సరాల్లో శామ్యూల్ హాలండ్ అనే సర్వేయరు ద్వీపమంతా కొలిచి 67 భాగాలు చేశాడు. వాటిని లాట్లు అన్నారు. ఒక్కొక్కటి సుమారు 20 వేల ఎకరాలు. 1767 జూలై 23న లండన్‌లో చీట్లు తీసి, దాదాపు అన్ని లాట్లూ ఒక్క రోజులోనే పంచేశారు. పొందినవాళ్లు సైనికాధికారులు, వర్తకులు, రాజుగారి దగ్గర పలుకుబడి ఉన్నవాళ్లు. వారిలో చాలామంది ఆ ద్వీపం మొహం ఎన్నడూ చూడనే లేదు.

అయితే భూమిని ఉత్తినే ఇవ్వలేదు. రెండు ముఖ్యమైన షరతులున్నాయి. ఒకటి, పదేళ్లలోగా ప్రతి 200 ఎకరాలకు ఒక మనిషి చొప్పున జనాన్ని తెచ్చి స్థిరపరచాలి. రెండు, ప్రభుత్వానికి ఏటేటా క్విట్ రెంటు కట్టాలి. మన జమీందారులు కుంఫిణీవారికి కట్టిన పేష్కసు వంటిదన్నమాట. ఎక్కువమంది యజమానులు ఈ రెండూ సరిగ్గా నెరవేర్చలేదు. భూమి మాత్రం వారి పేరనే ఉండిపోయింది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. తరువాత జరిగిన గొడవంతా దీని మీదనే నడిచింది.

999 ఏళ్ల కౌలు

స్కాట్లండు నుంచి, ఐర్లండు నుంచి, ఇంగ్లండు నుంచి బీదజనం ఓడలెక్కి వచ్చారు. సొంత భూమి దొరుకుతుందని వచ్చినవారికి దొరికింది కౌలు. అలవాటుగా రాసుకునే గడువు 999 సంవత్సరాలు. ఎకరానికి ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున కౌలు. అంటే నూరెకరాల కమతానికి నూరు షిల్లింగులు, అనగా అయిదు పౌన్లు.

పైకి చూస్తే ఇది ఎక్కువేమీ కాదనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని లెక్క వేసి చూడండి. పందొమ్మిదో శతాబ్దం మధ్యనాటికి వంద ఇంగ్లీషు పౌన్లకు ద్వీపం డబ్బులో నూటయాభై పౌన్లు పెట్టాలి. కౌలు ఇంగ్లీషు డబ్బులో కట్టమంటే, అయిదు పౌన్లు కాస్తా ఏడున్నర అవుతాయి. పైగా వచ్చినవాడికి ఇచ్చింది పొలం కాదు, అడవి. చెట్లు కొట్టి, మొదళ్లు పెకలించి, గింజ వేసేసరికే ఏళ్లు పడతాయి. ఈలోగా బకాయి పేరుకుంటుంది. బకాయి పడితే ఏజెంటు పశువులను జప్తు చేయించవచ్చు, ఆ తరువాత కమతం నుంచి వెళ్లగొట్టించవచ్చు. అప్పుడు కొట్టిన అడవి, కట్టిన ఇల్లు, వేసిన కంచె అన్నీ యజమానివే. 999 ఏళ్ల కాగితం ఒక్క చెడ్డ ఏడుతో చెల్లకుండా పోతుంది. కొన్ని ఎస్టేట్లలో అంత గడువు కూడా ఇచ్చేవారు కాదు. అసలు కాగితమే లేకుండా దున్నుకునేవారూ ఉండేవారు.

ఇక్కడ కెమిస్ట్రీ సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఎర్రనేలలో ఆమ్లగుణం ఎక్కువ. దానికి విరుగుడు వాళ్లు నదీముఖాల్లో కనిపెట్టారు. అక్కడ అడుగున ఆల్చిప్పలూ, గుల్లలూ కలిసిన బురద మేటలు వేసి ఉండేది. గుల్ల అంటే కాల్షియం కార్బొనేటు. అది ఆమ్లాన్ని విరుస్తుంది, మనం చేలో సున్నం చల్లినట్టే. చలికాలంలో మంచు గట్టిగా పేరుకున్నాక, దానిమీద యంత్రాన్ని నిలిపి, మంచుకి కన్నం పెట్టి, గుర్రాన్ని గానుగెద్దులా గుండ్రంగా తిప్పి ఆ బురదను పైకి తోడేవారు. చక్రాలు లేని మంచుబండ్ల మీద పొలాలకు తోలుకునేవారు. 1860ల నుంచి ఈ పని బాగా సాగింది. గడ్డి, క్లోవరు పంటలు పుంజుకున్నాయి. చలికి వేళ్లు కొంకర్లు పోతుండగా బురద తోడినవాడు రైతు. విలువ పెరిగింది మాత్రం, నేల ఎవరి పేరున ఉందో వారి ఆస్తికి.

ఓట్లతో ప్రయత్నం

షరతులు నెరవేర్చని యజమాని భూమిని ప్రభుత్వం తిరిగి తీసుకోవడాన్ని ఇంగ్లీషు చట్టంలో ఎస్చీటు అంటారు. రైతుల వాదన సూటిగా ఉంది. వాళ్లు మాట తప్పారు, కాబట్టి భూమి వెనక్కి తీసుకోండి, దున్నేవాళ్లకు ఇవ్వండి. దీనికి నాయకుడు విలియం కూపర్. తమాషా ఏమిటంటే ఆయన మొదట ఒక ప్రభువుకి భూమి ఏజెంటుగా పనిచేసినవాడే. లోపల జరిగేది చూసినవాడు కాబట్టి బయటికొచ్చాక గట్టిగా మాట్లాడగలిగాడు. 1831లో చట్టసభకు ఎన్నికయ్యాడు. 1836 డిసెంబరులో హే రివర్ అన్నచోట పెద్ద సభ జరిపి, కౌలు కట్టవద్దని తీర్మానం చేయించాడు. దానికి క్షమాపణ చెప్పనందుకు చట్టసభ ఆయన్నీ, మరి ఇద్దరు సభ్యులనూ నిర్బంధంలో పెట్టింది.

ఆ నిర్బంధం ప్రజల్లో ఆయన బలాన్నే పెంచింది. 1838 ఎన్నికల్లో 24 స్థానాల్లో 18 ఎస్చీటు పక్షానికే వచ్చాయి. విక్టోరియా గద్దెనెక్కి అప్పటికి ఏడాదే. కూపర్ రైతుల మొర చెప్పడానికి లండన్ వెళ్లాడు. వలసల మంత్రి ఆయనను కలవడానికే ఒప్పుకోలేదు. నాలుగింట మూడు వంతుల స్థానాలు గెలిచినా లండన్‌లో తలుపు తెరుచుకోలేదన్నమాట. భూయజమానులు లండన్‌లో ఉన్నారు, ఓటర్లేమో సముద్రానికి ఇవతల ఉన్నారు.

1851లో ద్వీపానికి చట్టసభకు జవాబుదారీ అయిన ప్రభుత్వం వచ్చింది. జార్జి కోల్స్ దాని నాయకుడు. 1853లో, అమ్మడానికి ఇష్టపడిన యజమానుల దగ్గర కొని రైతులకు అమ్మే చట్టం చేశారు. 1854లో వర్రెల్ ఎస్టేటునూ, 1860లో సెల్కర్క్ ఎస్టేటునూ అలా కొన్నారు. కాని అమ్మనన్నవాణ్ణి ఏమీ చేయలేరు. 1860లో ముగ్గురు సభ్యులతో కమిషను వేశారు. కౌలుదారులకు కొనుక్కునే హక్కు ఉండాలన్న ఆ కమిషను సిఫారసు యజమానులకు నచ్చలేదు. లండన్ దానిని పక్కన పెట్టేసింది. 1861 నాటికి ద్వీపం జనాభా 80,857. సేద్యం చేసేవారిలో సగానికి పైబడి ఇంకా కౌలుదారులే, లేక కాగితం లేనివారే.

రేకు బూరలు

ఓట్లు అయ్యాయి, అర్జీలు అయ్యాయి, కమిషను అయింది. 1864 మే నెలలో కౌలు రైతులు తమదే ఒక లీగు పెట్టుకున్నారు. దానిని టెనెంట్ లీగు అంటారు. సభ్యుడైనవాడు రెండు ప్రతిజ్ఞలు చేయాలి. యజమాని న్యాయమైన ధరకు అమ్మేదాకా కౌలు ఆపాలి. తోటి సభ్యుని ఇంటిమీదికి జప్తు వస్తే అందరూ కలిసి అడ్డుకోవాలి.

అడ్డుకునే పద్ధతి కూడా వింతగానే ఉంది. కోర్టు అమీనా రోడ్డుమీద కనబడగానే మొదటి ఇంటివాడు రేకు బూర ఊదుతాడు. అది విని తరువాతి ఇంటివాడు, వాణ్ణి విని ఇంకొకడు. అమీనా కావలసిన ఇల్లు చేరేసరికి అక్కడ ఊరంతా పోగై ఉంటుంది. టెలిఫోను లేని రోజుల్లో పల్లెల్లో వేగంగా వార్త చేరవేసే మార్గం అది.

1865 మార్చి 17న లీగువారు రాజధాని షార్లెట్‌టౌనులో ఊరేగింపు తీశారు. అందులో ఉన్న శామ్యూల్ ఫ్లెచర్ అనే రైతును అరెస్టు చేయడానికి షెరీఫు మనిషి చెయ్యి వేశాడు. జనం విడిపించుకుపోయారు. తరువాత పెద్ద దండు కట్టుకుని పల్లెకు వెళ్లి వెదికినా ఆయన చిక్కలేదు. చివరికి ప్రభుత్వం హాలిఫాక్స్ నుంచి పటాలాన్ని రప్పించింది. ఆగస్టులో రెండు కంపెనీల సైనికులు దిగారు. వారి అండతో జప్తులు సాగాయి. కొందరు జైలుకు వెళ్లారు. లీగు చెదిరిపోయింది.

మరి లీగు ఓడిపోయిందా? నేను అలా అనుకోను. అట్లాంటిక్ మీద ఆవిరి ఓడలు నడిపిన శామ్యూల్ క్యునార్డ్ పేరు మనం వినే ఉంటాం. ఆయన ఈ ద్వీపంలో అతి పెద్ద భూయజమానుల్లో ఒకడు. 1865లో ఆయన చనిపోయాడు. మరుసటి ఏడే ఆ కుటుంబం రెండు లక్షలకు పైగా ఎకరాలను ప్రభుత్వానికి అమ్మేసింది. కౌలు వసూలుకి సైన్యం కావలసి వచ్చే భూమి ఎవరికైనా బరువే కదా.

సర్కసూ, సమాఖ్యా

ఇదే 1864 సెప్టెంబరులో షార్లెట్‌టౌనులో ఇంకొక చరిత్ర నడిచింది. బ్రిటిష్ వలసలన్నీ కలిసి ఒక దేశం కావాలా అని నాయకులు చర్చించింది అక్కడే. ఆ రోజుల్లోనే ఊళ్లోకి సర్కసు కంపెనీ దిగింది. జనం సర్కసుకి ఎగబడ్డారు, సత్రాలు నిండిపోయాయి. దేశనిర్మాతల ఓడకి ఎదురువెళ్లినవాడు ఒక్కడే, అదీ చిన్న పడవలో. వచ్చినవారిలో చాలామంది ఓడలోనే పడుకోవలసి వచ్చింది.

తరువాత క్విబెక్ సమావేశంలో ద్వీపం ప్రతినిధులు ఒకటి అడిగారు. యజమానుల భూములు కొనడానికి రెండు లక్షల పౌన్లు ఇవ్వండి అని. ఇవ్వమన్నారు. దాంతో 1867 జూలై 1న కెనడా పుట్టినప్పుడు, మొదటి సమావేశానికి చోటిచ్చిన ద్వీపమే బయట నిలబడింది.

లోపలికి తెచ్చింది రైలు. 1871లో ద్వీపం రైలు మార్గం మొదలుపెట్టింది. కంట్రాక్టులో మైలుకి ఇంత అని ధర కట్టారు గాని మొత్తం ఎన్ని మైళ్లో గట్టిగా కట్టలేదు. ఇంకేముంది, పట్టాలు ప్రతి మెరక చుట్టూ, ప్రతి ఊరి చుట్టూ వంకరలు తిరిగాయి. అప్పు కొండలా పెరిగింది. 1873 జూలై 1న ద్వీపం కెనడాలో ఒక రాష్ట్రంగా చేరింది. షరతుల్లో ముఖ్యమైనది భూముల కొనుగోలుకి 8 లక్షల డాలర్ల వరకు వాడుకునే వీలు.

1875

డబ్బు దొరికింది. ఇక చట్టం కావాలి. 1874లో చేసిన బిల్లుకు గవర్నర్ జనరల్ ఆమోదం దొరకలేదు. 1875లో చేసినదానికి దొరికింది. ఈసారి కొనుగోలు నిర్బంధం. 500 ఎకరాలకు మించి కౌలుకిచ్చిన యజమాని అమ్మి తీరాలి. ధర ముగ్గురు కమిషనర్లు తేలుస్తారు. షార్లెట్ సలివన్ అనే పెద్ద యజమానురాలు కోర్టుకెక్కింది. ద్వీపం కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. కెనడా సుప్రీంకోర్టు పుట్టిందే 1875లో. అది 1877లో ఆ తీర్పును తిరగదోడి, భూసేకరణ చెల్లుతుందని చెప్పింది. ఆ కోర్టు తీర్పుల మొదటి సంపుటంలోనే ఈ కేసు ఉంది. ఎస్టేట్లు ఒక్కొక్కటే ప్రభుత్వం చేతికొచ్చాయి. రైతులు వాయిదాల మీద కొనుక్కున్నారు. శతాబ్దం ముగిసేలోగా పని దాదాపు పూర్తయింది.

1767లో ఒక్క రోజులో జరిగినదాన్ని సరిదిద్దే చట్టం రావడానికి 108 ఏళ్లు పట్టిందన్నమాట. అంతా అయ్యాక డబ్బు ఎవరు కట్టారు? చీటీ తీసి భూమి పొంది, షరతు తప్పినవాడి వారసులకు నష్టపరిహారం వచ్చింది. అడవి కొట్టి నేల చేసినవాడు ఆ నేలను డబ్బిచ్చి కొనుక్కున్నాడు. అసలు నేల ఎవరిదో ఆ మిక్‌మా ప్రజలను ఎవరూ అడగలేదు. 1870లో లండన్‌లోని ఒక ధార్మిక సంఘం డబ్బు పెట్టి లెనాక్స్ అనే చిన్న దీవిని కొని వారికోసం ఉంచింది. తమ దీవినే తమకోసం వేరెవరో కొనవలసి వచ్చింది! రైతు పోరాటాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పకపోతే మన లెక్క తప్పుతుంది.

మన చేను

మన ప్రాంతానికీ దీనికీ పోలిక ఊరికే కలిపింది కాదు. ఒకే సామ్రాజ్యం, ఒకే రకం ఆలోచన. 1802లో మద్రాసు ప్రభుత్వం మన సర్కారు జిల్లాల్లో శాశ్వత శిస్తు ఏర్పాటు చేసింది. దున్నేవాడికీ ప్రభుత్వానికీ నడుమ జమీందారును స్థిరపరిచింది. ఆ ఎస్టేట్లను రద్దు చేసే చట్టం 1948లో గాని రాలేదు. మా ముత్తాత జమీ కచేరీకి శిస్తు మోసుకెళ్లి, రశీదు చేతికొచ్చేదాకా ఎండలో నిలబడేవాడని మా తాతయ్య చెబుతాడు. ఆ రశీదు కాగితాలు కొన్ని మా ఇంట్లో రేకు పెట్టెలో ఇంకా ఉన్నాయి. తరువాత వచ్చిన పట్టా కూడా ఆ పెట్టెలోనే ఉంది. ఇల్లు కాలినా ముందు ఆ పెట్టె బయటపెట్టాలని మా నాయనమ్మ మాట.

పట్టా ఉన్న రెండెకరాలు కాక మా నాన్న మరో ఎకరన్నర కౌలుకి చేస్తాడు. ఏ ఏటికాయేడు నోటిమాట. కాగితం రాయడానికి చేను గలాయన ఒప్పుకోడు. మొన్న వేసవిలో చెరువు మట్టి తోలుతుంటే బండ్లన్నీ మా చేనికే పోతున్నాయి. కౌలు చేనికి ఒక్కటీ పోలేదు. నాకు కొత్తగా చదివిన చదువు కదా, "నాన్నా, ఆ చేనే ఎక్కువ చవిటి. దానికే మట్టి కావాలి" అన్నాను. మా నాన్న తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "నిజమేరా. కాని వచ్చే ఏడు ఆ చేను ఎవడి చేతికి పోతుందో నీ పుస్తకంలో రాసుందా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నేలకు ఏం కావాలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆ నేలకు అది అందుతుందో లేదో చెప్పేది మాత్రం కాగితం. ఆల్చిప్పల బురద కథ చదివాక మా నాన్న మాట నాకు ఇంకా బాగా అర్థమైంది.

ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం ఇవాళ బంగాళాదుంపలకు పేరుపడ్డ రాష్ట్రం. 1982లో అక్కడ ఒక చట్టం చేశారు. ఒక మనిషి వెయ్యి ఎకరాలకు, ఒక కంపెనీ మూడు వేల ఎకరాలకు మించి భూమి పెట్టుకోరాదని. నూరేళ్లు దాటినా ఆ లాటరీని వాళ్లు మరచిపోలేదు.

మిత్రులారా, మనలో చాలామంది వ్యవసాయం వదిలి ఉద్యోగాలకు పోయేవాళ్లమే. పోయినా సరే, ఇంటికి వెళ్లినప్పుడు మీ నాన్నగారినో తాతగారినో ఒక్కమాట అడగండి. మనం దున్నే నేల ఎవరి పేర ఉంది, అది ఎట్లా వచ్చింది అని. ఆ జవాబులో మీకు ఒక చరిత్ర పాఠం దొరుకుతుంది. అది మా సైన్సు విద్యార్థులకు కూడా అర్థమయ్యే పాఠమే.